మూత మీది రాయి

మా వంటింట్లో చిక్కుడుగింజల కుండ మూత మీద
ఒక నల్లరాయి ఉంటుంది,
పిల్లి తోసెయ్యకుండా.

అరవై తొమ్మిది ఫిబ్రవరి, అర్ధరాత్రి దాటి గంట.
చివావా ఎడారి అంచున, మా అయెందే ఊరి మీద
ఆకాశం పట్టపగలయిందట.
అమ్మమ్మ ఎర్లిండా మోకాళ్ల మీద పడి
తెలిసిన పునీతులందర్నీ పిలిచింది,
చాలక ఇద్దరు ముగ్గుర్ని కల్పించి మరీ పిలిచింది.
తాత తిబూర్సియో మేకల్ని లెక్కపెట్టుకున్నాడు.
ఒకటి తక్కువ.
రాయి పడి కాదు, బెదిరి పారిపోయింది,
మూడోనాడు తనే వచ్చింది.

తెల్లారాక చేలో రాళ్లేరారు, గుమ్మడికాయలేరినట్టు.
కార్లేసుకొచ్చిన వాళ్లు తూకానికి కొనుక్కుపోయారు.
ఆ డబ్బుతో కుట్టుమిషను వచ్చింది.
పిడికిలంత ముక్కనొకదాన్ని ఎవరూ అడగలేదు.
అది మూత మీదికెక్కింది.

ఇవాళ నా కూతురు నియేవెస్ బడి నుంచి ప్రశ్న తెచ్చింది:
గ్రహాలెలా పుట్టాయి, పదిహేను వాక్యాల్లో.

అన్నెందుకే. వంగి మంచం కింద చూడు.
నేను వారంపాటు ఊడవకపోతే ఏమయింది?
దుమ్ము దుమ్మునంటుకుని
ఉండలుగా దొర్లుతోందా?
అట్లాగే మొదలు.
చల్లటి మబ్బొకటి, చీకటిది, ఎంతో పెద్దది,
తన బరువుకి తనే కుంగింది.
కుంగేకొద్దీ గిర్రున తిరిగింది,
తిరిగేకొద్దీ చదునయింది,
అరచేతుల మధ్య తిప్పి తట్టిన తోర్తియాలా.
నడిమధ్య సెగ రాజుకుంది.
దాన్ని పొద్దు అనడానికి
అప్పటికి నోరున్న వాళ్లు లేరు.

సెగ పక్కన నీళ్లు గడ్డకట్టలేదు,
రాయీ ఇనుమూ మిగిలి నాలుగు చిన్న ముద్దలయ్యాయి.
దూరంగా మంచు నిలిచిన చోట సరుకెక్కువ.
అక్కడ పెద్దోడు లేచాడు, బృహస్పతి.
వాడి ఆకలేం ఆకలి! గాలిని కూడా వదల్లేదు.
వాడికీ అంగారకుడికీ నడుమ ఉన్న రాళ్లు
ఒకటవుదామనుకున్నప్పుడల్లా చెదిరిపోయాయి.
నీకు చెప్పాలా, ఇద్దరన్నల తర్వాత పుట్టినదానివి.

"మరి మన భూమి?"

దెబ్బలు తిని పెరిగింది.
చివర్లో గ్రహమంత బండ వచ్చి గుద్దింది.
ఎగిరిపడ్డ కరుగు కూడుకుని చందమామయింది.
ఆ గాయం చూపించే మనం పిల్లలకి అన్నం పెడుతున్నాం.

రాయి దాని చేతికిచ్చాను.
విరిగిన వైపు తిప్పు, కింద పడేస్తావు, రెండు చేతుల్తో పట్టు.
నలుపులో నువ్వులు చల్లినట్టు తెల్ల నలుసులు.
పోయినేడు హెర్మోసియో నుంచి ఓ అమ్మాయి వచ్చింది,
మెడలో భూతద్దం, బూట్ల నిండా మా ఊరి మట్టి.
ఆ నలుసులు చూసి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత చెప్పింది:
పొద్దుకి బాగా దగ్గర్లో, మండే ఆవిరి చల్లారి
మొట్టమొదట గట్టిపడినవి ఇవేనట.
నాలుగువందల యాభై ఆరు కోట్ల ఏళ్ల పైమాట.
భూమి ఇంకా లేదు.
ఇందులో ఏముంటుందమ్మా అనడిగాను.
కాల్షియం, అల్యూమినియం అంది.
నాకు నవ్వాగలేదు.
ఒకటి నేను రోజూ మొక్కజొన్న నానేసే సున్నంలోది,
రెండోది, నానేసే సత్తుగిన్నె.

అమ్మమ్మ పిండి అయిపోయాక
వేళ్ల సందుల్లో అంటుకున్నదంతా గీకి
ఆఖరి పిల్లకి గవ్వంత తోర్తియా కాల్చేది.
ఆ అమ్మాయి లెక్కలన్నీ చెప్పి వెళ్లాక
నాకు మిగిలింది ఇంతే:
గ్రహాలు చేసిన చెయ్యి
ఇంకా కడుక్కోలేదు.

నియేవెస్ పదకొండు వాక్యాలు రాసి నిద్రపోయింది.
పన్నెండోది సగంలో ఉంది: మా ఇంట్లో ఉన్న
అని రాసి, పెన్సిలు చెంప కింద పెట్టుకుని.
పిల్లి అప్పటికే కుండ చుట్టూ తిరుగుతోంది.
రాయి తీసుకెళ్లి మూత మీద పెట్టాను.